మంచు కింద వేల ఏళ్ల నాటి సూక్ష్మజీవులు: మనకు నిజంగా ప్రమాదమేనా?

తూర్పుగాలి
నిన్న రాత్రి ఒక వీడియో చూశాక టెన్షన్ పట్టుకుంది. సైబీరియాలో మంచునేల కరిగి 48,500 ఏళ్ల నాటి వైరస్ బయటికొచ్చిందట. మన ఒంటికి దాని పరిచయమే లేదు కాబట్టి సోకితే ఇక అడ్డూ అదుపూ ఉండదట. కామెంట్లలో సగం మంది వణికిపోతున్నారు, సగం మంది కొట్టిపారేస్తున్నారు. కారణం మాత్రం ఒక్కరూ చెప్పలేదు.

పరిణామశాస్త్రం ఏమంటుందో తెలుసుకోవాలని ఉంది. మన రోగనిరోధక వ్యవస్థ దాన్ని ఎప్పుడూ చూడలేదు కాబట్టి మనం ఓడిపోతాం అనేది ఒక వాదన. అది మనిషిని ఎప్పుడూ చూడలేదు కాబట్టి అదే ఓడిపోతుంది అనేది ఇంకోటి. వినడానికి రెండూ సబబుగానే ఉన్నాయి. ఏది నమ్మాలి?

అడ్డప్రశ్న
రెండోదే. వైరస్ కణంలోకి దూరాలంటే ఆ కణం మీదున్న ఫలానా ప్రొటీన్‌ను పట్టుకోవాలి. ఆ పట్టు ఊరికే రాదు, ఆ జాతి జీవుల్లో తరతరాలుగా తిరిగితే వస్తుంది. మీరు చెప్పిన 48,500 ఏళ్ల పండోరావైరస్ సోకేది అమీబాకి. మనిషికి కాదు. వీడియోలో ఆ ఒక్క మాట చెబితే వ్యూస్ రావు మరి.

గాజుపలక
ఆ మాట నిజమే కానీ సగమే. ఆ పని చేసింది ఫ్రాన్స్‌లో జాన్-మిషెల్ క్లావరీ, షాంటాల్ అబెర్జెల్ బృందం. 2014లో 30,000 ఏళ్ల నాటి మట్టిలోంచి పిథోవైరస్, మరుసటేడు మోలివైరస్, 2023లో వచ్చిన పేపర్‌లో ఇంకో 13. అన్నీ అమీబాకి సోకేవే. ఎందుకంటే వాళ్లు ఎరగా వేసింది అమీబాని మాత్రమే, అదీ జాగ్రత్త కోసం. మనిషి కణాలు ఎర వేస్తే మనిషికి సోకేదే దొరకొచ్చు, అది ల్యాబ్ దాటొచ్చు.

చూసేది ఎలాగో చెబుతాను, నేనూ ల్యాబ్‌లో సూక్ష్మజీవులను పెంచే కల్చర్లతోనే పనిచేస్తాను. ఆరోగ్యంగా ఉన్న అమీబా ప్లేటు అడుగుకి అతుక్కుని, చదునుగా, మెల్లగా పాకుతూ కనిపిస్తుంది. వైరస్ సోకితే గుండ్రంగా ముడుచుకుంటుంది, పట్టు వదిలేసి నీళ్లలో తేలుతుంది, ఆ తర్వాత పగిలిపోతుంది. పిథోవైరస్ అయితే ఒకటిన్నర మైక్రాన్ల పొడవు, మామూలు మైక్రోస్కోప్‌లోనే కనబడుతుంది.

కాబట్టి దొరికినవన్నీ అమీబావే అన్నంత మాత్రాన మనిషికి సోకేవి అక్కడ లేవని కాదు. ఉన్నాయనీ కాదు. ఆ పని తేల్చింది ఒక్కటే: కొన్ని డీఎన్ఏ వైరస్‌లు పదుల వేల ఏళ్లు గడ్డకట్టి ఉన్నా సోకే శక్తి పోగొట్టుకోవు.

పిరమిడ్
మరి ఈజిప్ట్ సమాధుల శాపం సంగతి? అదీ పాత సూక్ష్మజీవులే అంటారుగా.

గాజుపలక
టుటన్‌ఖామున్ సమాధి తవ్వకానికి డబ్బు పెట్టిన లార్డ్ కార్నర్వాన్ 1923లో పోయింది బుగ్గ మీద దోమకాటు తెగి, అది చీము పట్టి, రక్తానికి పాకి, చివరికి న్యుమోనియా వచ్చి. సమాధి తెరిచిన హోవర్డ్ కార్టర్ 1939 దాకా బతికాడు.

పిరమిడ్
సరే, సరే. శాపం క్యాన్సిల్.

చెరువుగట్టు
తూర్పుగాలి గారి ప్రశ్నను అచ్చం అలాగే పట్టుకుని చేసిన ప్రయోగం ఒకటుంది. పాత పరాన్నజీవి కొత్త తరం మీద బలంగా ఉంటుందా, బలహీనంగా ఉంటుందా అని. ఈ విషయంలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే, కాస్త ఓపిగ్గా చదవండి.

బెల్జియంలో ఒక చెరువు. అందులో డాఫ్నియా అనే చిన్న నీటి జీవి. దాని గుడ్లు కొన్ని అడుగు బురదలో పడి దశాబ్దాల పాటు నిద్రాణంగా ఉండిపోతాయి. దానికి పాస్చూరియా అనే బ్యాక్టీరియా సోకుతుంది. సోకిన డాఫ్నియా గుడ్లు పెట్టడం మానేస్తుంది, ఒళ్లంతా స్పోర్లు (ఏళ్ల తరబడి చావకుండా ఉండే గట్టి విత్తనాల్లాంటి రూపాలు) నిండి మసకగా ఎర్రబడుతుంది. అది చచ్చాక ఆ స్పోర్లూ అదే బురదలోకి చేరతాయి. ఏటికేడు పొర మీద పొర. అంటే ఏ కాలం డాఫ్నియా పక్కన ఆ కాలం బ్యాక్టీరియానే భద్రంగా ఉంటుంది.

ఎలెన్ డెకాస్టేకర్, ఇంకొందరు ఆ బురదను పొరలుగా కోసి, ఒక్కో పొరలోని గుడ్లను పొదిగించారు. ఆ పిల్లలకు మూడు రకాల పాస్చూరియా ఎక్కించారు: తమ పొరలోది, అంతకు ముందు పొరలోది, ఆ తర్వాతి పొరలోది. 2007లో నేచర్ పత్రికలో వచ్చింది. ఎక్కువగా సోకింది తమ కాలంలోదే. పాతదీ అంతగా సోకలేదు, తర్వాతి కాలంలోదీ అంతగా సోకలేదు.

పరాన్నజీవి ఏ రోజుకారోజు తన ఎదురుగా ఉన్న అతిథేయిని (తాను సోకే జీవిని) వెంటాడుతూ మారుతుంది. అతిథేయి తప్పించుకోవడానికి మారుతుంది. కొన్నేళ్లు దాటితే పాత పరాన్నజీవి చేతిలో పాత ఎత్తులే ఉంటాయి. వేల ఏళ్ల సంగతి చెప్పక్కర్లేదు.

అడ్డప్రశ్న
నేను అన్నదీ అదే. ఇక థ్రెడ్ మూసేయొచ్చు.

లెక్కలమాస్టారు
అప్పుడే మూయకండి. 'అంతగా సోకలేదు' అంటే అసలు సోకలేదని కాదు. చెరువుగట్టు గారు చెప్పింది సగటు. మహమ్మారి సగటు నుంచి రాదు, చివరన ఎక్కడో ఉన్న ఒక్కదాని నుంచి వస్తుంది.

2023లో జొవాన్ని స్ట్రోనా బృందం కంప్యూటర్‌లో కృత్రిమ జీవులను పెంచి, పాత తరాల పరాన్నజీవులను తర్వాతి తరాల మధ్య వదిలి చూసింది. చాలావరకు ఏమీ కాలేదు. సుమారు 1 శాతం మాత్రం గట్టి దెబ్బ కొట్టాయి, కొన్ని సందర్భాల్లో జాతుల వైవిధ్యంలో మూడో వంతు దాకా పోయింది. కరుగుతున్న మంచులోంచి బయటికొచ్చే సూక్ష్మజీవుల సంఖ్య మనం ఊహించలేనంత పెద్దది. అందులో 1 శాతం అంటే?

అడ్డప్రశ్న
మాస్టారూ, కంప్యూటర్ జీవికి వైరస్ పట్టుకునే రిసెప్టర్లు ఉండవు, జ్వరం రాదు, యాంటీబాడీలు ఉండవు. ఆ 1 శాతాన్ని తెచ్చి సైబీరియా మట్టికి గుణించేస్తే ఎలా? ఆ మట్టిలో ఉన్నవాటిలో దాదాపు అన్నీ మట్టిలో బతికేవే.

లెక్కలమాస్టారు
నేను గుణించలేదు. సున్నా కాదన్నాను, అంతే. సున్నాకీ చాలా చిన్న సంఖ్యకీ మధ్య ఉన్న తేడా కోసమే నా జీవితమంతా పోట్లాడాను, ఇక్కడ వదలమంటే ఎలా?

తూర్పుగాలి
మరి కొత్త జనం మీద పడ్డ రోగాలు? అమెరికా ఖండాలకు మశూచి వెళ్లినప్పుడు అక్కడివాళ్లు లక్షల్లో చనిపోయారు కదా. పరిచయం లేకపోవడం వల్లే కదా?

జీనోమ్_గోపి
అది ఈ చర్చలో తరచూ వచ్చే ఉదాహరణే, కానీ ఇక్కడ అతకదు. అమెరికాకి వెళ్లిన మశూచి వైరస్ అప్పటికే మనుషుల్లో తిరిగి తిరిగి ఆరితేరింది. అక్కడి జనమే దానికి కొత్త, మనిషి కొత్త కాదు. మనిషిని ఎరిగిన వైరస్, వైరస్‌ను ఎరగని మనుషులు. అన్నిటికంటే ఘోరమైన కలయిక అదే. మనిషి ముఖం చూడని 40,000 ఏళ్ల నాటి మట్టి వైరస్‌కి అందులో మొదటి సగం లేదు.

మిక్సోమా వైరస్ ఉదాహరణ ఇంకా నయం. దక్షిణ అమెరికా కుందేళ్లలో చిన్న గడ్డ లేపి పోయే వైరస్ అది. కుందేళ్ల బెడద తగ్గించాలని 1950లో ఆస్ట్రేలియాలో వదిలితే, యూరప్ జాతి కుందేళ్లలో నూటికి 99కి పైగా చచ్చాయి. అంటే సహపరిణామం (రెండు జీవులూ ఒకదాన్నిబట్టి ఒకటి మారుతూ రావడం) లేకపోయినా వినాశనం జరగొచ్చు. అయితే అదీ కుందేలు నుంచి కుందేలుకే, దగ్గరి బంధువుల మధ్యే దూకింది.

అందుకే నా లెక్కలో వయసు కాదు ముఖ్యం. ఆ సూక్ష్మజీవి మనకు ఎంత దగ్గరి జీవిలో బతికింది, మన జనాభాలో దాని మీద రక్షణ పోయి ఎన్నాళ్లయింది, ఈ రెండూ. 1977 ఫ్లూ చూడండి. హెచ్1ఎన్1 ఫ్లూ 1957లో మాయమైంది. 20 ఏళ్ల తర్వాత చైనా, సోవియట్ యూనియన్ వైపు నుంచి మళ్లీ వచ్చింది. జన్యువులు చూస్తే దాదాపు 1950ల నాటివే. ప్రకృతిలో తిరుగుతూ ఉంటే ఫ్లూ అన్నేళ్లు మారకుండా ఉండదు, ఎక్కడో ఫ్రీజర్‌లో నుంచో, టీకా ప్రయత్నంలో నుంచో వచ్చిందని ఎక్కువమంది శాస్త్రవేత్తల అభిప్రాయం. అది పట్టుకున్నది ముఖ్యంగా పాతికేళ్ల లోపు వాళ్లని. పెద్దవాళ్ల ఒంట్లో చిన్నప్పటి యాంటీబాడీలు ఇంకా ఉన్నాయి. నిజంగా గడ్డకట్టి ఉండి తిరిగొచ్చి ప్రపంచం చుట్టిన వైరస్ మనకు తెలిసినంతలో ఇదొక్కటే, దాని వయసు ఇరవై ముప్పై ఏళ్లే.

బైపీసీ_పిల్ల
ఒక సందేహం. మన బీ కణాలు యాంటీబాడీలను ముందే రకరకాలుగా తయారుచేసి పెట్టుకుంటాయని మా పాఠంలో ఉంది. అప్పుడు 'ఎప్పుడూ చూడలేదు కాబట్టి ఓడిపోతాం' అనేదే తప్పు కదా?

గాజుపలక
మంచి ప్రశ్న అమ్మా. పుట్టిన పసిబిడ్డ ఏ రోగాన్నీ చూడలేదు, అయినా పోరాడుతుంది. బీ కణాలు జన్యు ముక్కలను యాదృచ్ఛికంగా కలిపి కోట్ల రకాల గ్రాహకాలు తయారుచేసుకుంటాయి. వాటిలో ఏదో ఒకటి ఏ కొత్తదానికైనా కాస్తయినా అతుకుతుంది. దానికి ముందు ఇంకో పొర ఉంది. బ్యాక్టీరియా గోడలోని పెప్టిడోగ్లైకాన్, లైపోపాలీశాకరైడ్ లాంటివి చూడగానే మన కణాలు అలారం మోగిస్తాయి. ఆ పదార్థాలు వంద కోట్ల ఏళ్ల కిందటా ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి. ఎంత పాత బ్యాక్టీరియా అయినా ఆ గోడ వదిలేసి రాలేదు.

చిక్కల్లా టైమ్. సరైన యాంటీబాడీ పెద్ద ఎత్తున తయారవడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. ఈలోపు వైరస్ ఎంత పెరిగిందన్నదే చావుబతుకుల ప్రశ్న. వేగంగా పెరగాలంటే మన కణాల్లో పెరగడం దానికి వచ్చి ఉండాలి. మళ్లీ అడ్డప్రశ్న గారి దగ్గరికే వచ్చాం.

జీనోమ్_గోపి
పాత వైరస్‌లతో యుద్ధం చేసిన గుర్తులు మన జన్యువుల్లోనే ఉన్నాయి, అదీ చూడాలి. చింపాంజీలు, గొరిల్లాల జన్యువుల్లో పీటీఈఆర్‌వీ1 అనే రెట్రోవైరస్ (సోకిన కణం జన్యువుల్లో తన జన్యువులను అతికించే రకం) తాలూకు అవశేషాలు వందకు పైగా కనిపిస్తాయి. 30, 40 లక్షల ఏళ్ల కిందట వాటికి సోకింది. మన జన్యువుల్లో ఒక్కటీ లేదు. 2007లో సియాటెల్‌లో హర్మిత్ మాలిక్, మైకేల్ ఎమర్మన్ ల్యాబ్‌లవాళ్లు ఆ చచ్చిపోయిన వైరస్ ముక్కను మళ్లీ తయారుచేసి పరీక్షించారు. మన కణాల్లోని ట్రిమ్5ఆల్ఫా అనే ప్రొటీన్ దాన్ని చక్కగా ఆపేసింది. అదే ప్రొటీన్ హెచ్ఐవీని దాదాపు ఆపలేదు. రెండిటినీ ఒకేసారి ఆపే రూపం వాళ్ల పరీక్షల్లో దొరకలేదు.

లక్షల ఏళ్ల నాటి శత్రువు ఇవాళ తిరిగొచ్చినా దానికి మన దగ్గర జవాబు సిద్ధంగా ఉంది, ఆ జవాబును ఇన్నాళ్లూ మోసినందుకు కొత్త శత్రువు ముందు దొరికిపోయాం. ఇది చదివిన రోజు నాకు నిజంగా ఒళ్లు జలదరించింది.

తూర్పుగాలి
అబ్బ! ఇది మాత్రం ఊహించలేదు.

నిద్రలేని_నర్సు
అందరూ సహపరిణామం చుట్టూనే తిరుగుతున్నారు. ఐసీయూలో పనిచేసే నాకు అది సరిపోదు. మా దగ్గర ప్రాణాలు తీసేవాటిలో చాలా వాటికి మనిషితో ఏ పాత అనుబంధమూ లేదు. ఆస్పర్‌జిల్లస్ కుళ్లిన ఆకుల మీద బతికే బూజు. సూడోమోనాస్ నీళ్లలో, మట్టిలో ఉంటుంది. లీజియొనెల్లా అయితే నీటి అమీబాల లోపల పెరుగుతుంది. 1976లో ఫిలడెల్ఫియాలో అమెరికన్ లీజియన్ అనే మాజీ సైనికుల సంఘం సమావేశానికి వచ్చినవాళ్లలో ఎంతమందిని బలిగొందో తెలుసుగా, ఆ పేరు వచ్చిందే అక్కడ.

అమీబా మింగినా చావకుండా లోపలే పెరగడం దానికి అలవాటు. మన ఊపిరితిత్తుల్లోని మాక్రోఫేజ్ అనే రక్షణ కణం కూడా అమీబాలాగే మింగుతుంది. అమీబా దగ్గర నేర్చిన విద్యే మన లోపలా పనికొస్తోంది. 'అమీబాకి సోకేదే కదా' అని నిశ్చింతగా ఉండే వాళ్లు ఈ సంగతి ఆలోచించాలి.

అడ్డప్రశ్న
అక్కా, లీజియొనెల్లా బ్యాక్టీరియా. పండోరా, పిథో వైరస్‌లు. మాక్రోఫేజ్‌లో కూర్చుని తినడం వేరు, కణం యంత్రాంగాన్ని తన చేతిలోకి తీసుకోవడం వేరు. పైగా లీజియొనెల్లా మనిషి నుంచి మనిషికి పాకదు.

నిద్రలేని_నర్సు
పాకదు, ఒప్పుకుంటా. మహమ్మారి కాదు. కానీ తూర్పుగాలి గారు అడిగింది ప్రమాదం గురించి, మహమ్మారి ఒక్కదాని గురించే కాదు. మంచునేలలో వైరస్‌ల కంటే బ్యాక్టీరియానే నాకు ఎక్కువ భయం.

ఇంకోటి. వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్ పనిచేయని ఎంటరోకాకస్ బ్యాక్టీరియాతో నా షిఫ్టులో ఒక పెద్దాయన ఉండేవారు. కల్చర్ రిపోర్టులో ఒక్కో మందు ఎదురుగా 'ఆర్', 'ఆర్', 'ఆర్' (రెసిస్టెంట్, అంటే మందుకు లొంగదు) అని వరసగా కనిపిస్తుంటే ఆ కాగితం ఆయన కూతురికి ఎలా వివరించాలో తెలియక కాసేపు బయటే నిలబడ్డాను. ఆ నిరోధకత ఈ మధ్య మన వాడకం వల్ల పుట్టిందనే అప్పటిదాకా అనుకునేదాన్ని. 2011లో కెనడా పరిశోధకులు యూకాన్ మంచునేలలో 30,000 ఏళ్ల నాటి డీఎన్ఏలో అవే రకం జన్యువులు చూపించారు, వాంకోమైసిన్‌వి సహా. న్యూ మెక్సికోలో లెచుగీయా గుహలో 40 లక్షల ఏళ్లుగా బయటి ప్రపంచంతో సంబంధం లేని చోట దొరికిన కొన్ని బ్యాక్టీరియా 14 రకాల యాంటీబయాటిక్స్‌కు లొంగలేదు.

చెరువుగట్టు
అందులో ఆశ్చర్యం లేదు. యాంటీబయాటిక్స్ చాలావరకు మట్టి సూక్ష్మజీవులు ఒకదాని మీద ఒకటి వాడుకునే ఆయుధాలే. ఆయుధం ఎంత పాతదో డాలూ అంత పాతదే. మందులు కనిపెట్టి మనం చేసిందల్లా ఆ డాలు ఉన్నవాటికి ఎదురు లేకుండా చేయడం.

నిద్రలేని_నర్సు
నాకూ అదే దిగులు. జన్యువులకు బతికి ఉండే అవసరం కూడా లేదు. చచ్చిన బ్యాక్టీరియా నుంచి బయటపడ్డ డీఎన్ఏ ముక్కను పక్కనున్న బతికిన బ్యాక్టీరియా తీసుకోగలదు. వైరస్ విషయంలో మీరు చెప్పే రక్షణలేవీ దీనికి అడ్డురావు.

గాజుపలక
సూత్రం సరే. కానీ ఆ జన్యువులు ఇప్పటికే మన మట్టిలో, మన పేగుల్లో, మురుగునీటిలో కుప్పలుగా ఉన్నాయి. మంచులోంచి వచ్చేది ఆ కుప్పకి కలిసే పిడికెడు. అవసరం లేని చోట వాడే యాంటీబయాటిక్స్ చేసే చేటు దానికంటే ఎన్నో రెట్లు.

పాత వైరస్ బతికి ఉండటం గురించి ఒక్క ఉదాహరణ. 1918 ఫ్లూకి అలాస్కాలో బ్రెవిగ్ మిషన్ అనే చిన్న ఊళ్లో 80 మంది పెద్దవాళ్లలో 72 మంది పోయారు. మంచునేలలో పూడ్చారు. యోహాన్ హుల్టిన్ 1951లో వెళ్లి ఊపిరితిత్తుల ముక్కలు తెచ్చి వైరస్‌ను పెంచడానికి ప్రయత్నిస్తే ఏమీ పెరగలేదు. 33 ఏళ్లకే చచ్చిపోయింది. 1997లో, డెబ్బై దాటిన వయసులో, ఆయన మళ్లీ వెళ్లి ఇంకో శవం నుంచి తెచ్చినదాంట్లో ఆర్ఎన్ఏ చిన్న చిన్న ముక్కలుగా దొరికింది. ఆ ముక్కలను చదివి అతికించే టాబెన్‌బెర్గర్ బృందం జన్యువులను తేల్చింది, 2005లో ల్యాబ్‌లో వైరస్‌ను తిరిగి కట్టారు. మశూచి కూడా అంతే. సైబీరియాలో 300 ఏళ్ల నాటి శవాల్లో దొరికింది డీఎన్ఏ ముక్కలే.

మనిషికి ఆరితేరిన పాత వైరస్ నేలలోంచి రావడం కంటే ల్యాబ్‌లోంచి రావడమే తేలిక. మశూచి వైరస్ ఇప్పుడు అధికారికంగా ఉన్నది రెండు చోట్లే, అమెరికాలో అట్లాంటా, రష్యాలో కోల్ట్‌సోవో. టీకాలు ఆగిపోయి నాలుగు దశాబ్దాలు దాటింది. గోపి గారి రెండు షరతులూ అక్కడ సరిపోతాయి.

పశువుల_డాక్టర్
ఇంత మాట్లాడారు, ఆంత్రాక్స్ పేరు ఎవరూ ఎత్తలేదు. మంచులోంచి వచ్చి నిజంగా ప్రాణం తీసింది అదే.

2016 వేసవి, రష్యాలో యమాల్ ద్వీపకల్పం. ఎండ 35 డిగ్రీల దాకా వెళ్లింది. రెండు వేలకు పైగా రెయిన్‌డీర్లు చచ్చాయి, పన్నెండేళ్ల పిల్లాడు పోయాడు, ఇంకా పదుల మంది ఆస్పత్రిలో చేరారు. అక్కడ అంతకు ముందు ఆంత్రాక్స్ వచ్చింది 1941లో. కరిగిన నేలలోంచి బయటపడ్డ పాత స్పోర్లే కారణమని నిర్ధారణకు వచ్చారు. దాన్ని మించిన కారణం ఇంకోటుంది, అది వీడియోల్లో రాదు. ఇక రోగం రాదనుకుని 2007లో రెయిన్‌డీర్లకు టీకాలు ఆపేశారు.

నేను ఆంత్రాక్స్ కేసులు చూశాను. గొర్రె పొద్దున మేతకి వెళ్తుంది, సాయంత్రానికి పడి ఉంటుంది. ముక్కులోంచి, వెనక నుంచి నల్లటి రక్తం కారుతుంటుంది, గడ్డకట్టదు. కాళ్లు కొయ్యబారవు. కోసి చూడాలని యజమాని తొందరపడతాడు, కత్తి పక్కన పెట్టించడానికే నాకు సగం పని. ఒళ్లు కోస్తే లోపలి బ్యాక్టీరియాకి గాలి తగులుతుంది, గాలి తగిలితే స్పోరుగా మారుతుంది, స్పోరుగా మారితే ఆ నేలను వదలదు.

అడ్డప్రశ్న
డాక్టర్ గారూ, 75 ఏళ్ల కిందటిది 'ప్రాచీన సూక్ష్మజీవి' ఎలా అవుతుంది? ఆంత్రాక్స్ ఇప్పటికీ లోకమంతా ఉంది.

పశువుల_డాక్టర్
కాదు. అందుకే చెబుతున్నా. ఇక్కడ వేల ఏళ్ల కిందటిదాని కోసం వాదులాడుకుంటున్నారు, మొన్నమొన్నటిది పైపొరల్లోనే ఉంది. వేసవిలో ముందు కరిగేది పైపొరే.

తూర్పుగాలి
స్పోర్లు ఎన్నాళ్లు బతుకుతాయి డాక్టర్ గారూ? వందల ఏళ్లా?

పశువుల_డాక్టర్
దశాబ్దాలైతే ఖాయం. స్కాట్లండ్ దగ్గర గ్రూనార్డ్ దీవిలో 1942లో బ్రిటన్ ఆంత్రాక్స్ బాంబులు పరీక్షించింది. 1986లో సముద్రపు నీళ్లలో ఫార్మాల్డిహైడ్ కలిపి దీవి నేలంతా తడిపితేగానీ వదల్లేదు. తర్వాత గొర్రెలను తోలి మేపి చూశారు, 1990లో క్షేమమని ప్రకటించారు. అంత చిన్న దీవికి అన్నేళ్లు.

లెక్కలమాస్టారు
మరి యమాల్‌లో అన్ని వేల మైళ్ల నేలను ఏం చేస్తారు?

పశువుల_డాక్టర్
నేలను ఎవరూ ఏమీ చేయలేరు మాస్టారూ. 2016 తర్వాత రెయిన్‌డీర్లకు టీకాలు మళ్లీ మొదలుపెట్టారు. ఆంత్రాక్స్ టీకా రక్షణ ఏడాది పాటే అనుకోవాలి, కాబట్టి ఏటా వేయాల్సిందే. ఒక్క ఏడు తప్పినా ఆ వేసవికి మంద మళ్లీ ఒట్టి చేతులతో నిలబడుతుంది. పాత శవాలు పూడ్చిన చోట్లు తెలిసినంతవరకు గుర్తించి, అటువైపు మేతకి పోనివ్వకూడదు. తవ్వకాలు మొదలుపెట్టేవాళ్లకు ఆ మ్యాపు ముందే చేతిలో ఉండాలి.